చేతిలో ఫోను.. ఫోనులో గ్రంథాలయం
ఉచిత ఈ-పుస్తకాలు, శ్రవణ పుస్తకాలు పొందే మార్గాలివే

పలమనేరు: శాఖా గ్రంథాలయం తలుపులు తెరిచే వేళకు రైతు టమాటా తోటలో ఉంటాడు. నేతకారుడు మగ్గం మీద ఉంటాడు. బెంగళూరులో కొలువు చేసే యువకుడు బస్సులో ఉంటాడు. వీరు పని ముగించుకుని వచ్చేసరికి గ్రంథాలయానికి తాళం పడి ఉంటుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో, అంటే పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం ప్రాంతాల్లో, పుస్తకానికీ పాఠకుడికీ మధ్య దూరం పెరగడానికి ఇదొక ప్రధాన కారణం. అయితే ఈ ముగ్గురి వద్దా సెల్‌ఫోన్ ఉంటోంది. పైసా చెల్లించకుండా, చట్టానికి లోబడి, ఆ ఫోనులోనే పుస్తకం చదువుకోవచ్చు, వినవచ్చు. ఏ పుస్తకం ఎక్కడ దొరుకుతుంది, ఏది దొరకదు, ఎందుకు దొరకదు అన్న విషయమే చాలామందికి తెలియడం లేదు. తెలియకపోవడం వల్ల అందరికంటే ఎక్కువగా నష్టపోతున్నవారు చూపు లేని పాఠకులు, విద్యార్థులు.

అమెరికాలో అరువు ఇలా

అంగళ్లలో 'అప్పు రేపు' అని బోర్డు కనిపిస్తుంది గానీ గ్రంథాలయం మాత్రం అరువు ఇవ్వడానికే పుట్టింది. అమెరికాలో స్థిరపడిన మన ప్రాంతీయులు ఈ అరువును ఫోనులోనే పొందుతున్నారు. అక్కడి పౌర గ్రంథాలయాలు అధిక భాగం 'లిబ్బీ' అనే యాప్‌ను వినియోగిస్తున్నాయి. ఓవర్‌డ్రైవ్ అనే సంస్థ దీనిని 2017లో విడుదల చేసింది. ఊరి గ్రంథాలయం ఇచ్చిన సభ్యత్వ కార్డు సంఖ్యను యాప్‌లో నమోదు చేస్తే ఆ గ్రంథాలయం కొన్న ఈ-పుస్తకాలు, శ్రవణ పుస్తకాలు కనిపిస్తాయి. కోరినదాన్ని సాధారణంగా రెండు లేదా మూడు వారాల గడువుతో తీసుకోవచ్చు. గడువు తీరగానే పుస్తకం దానంతట అదే వెనక్కి వెళ్లిపోతుంది. జరిమానా ప్రసక్తే లేదు.

కంప్యూటర్ పుస్తకానికి ప్రతులు ఎన్నైనా తీయవచ్చు కదా, మరి అక్కడ కూడా వరుసలో ఎందుకు వేచి ఉండాలి అన్న సందేహం సహజం. గ్రంథాలయం కొన్నది పుస్తకాన్ని కాదు, అరువు ఇచ్చే అనుమతిని. ఒక అనుమతికి ఒకే పాఠకుడు. అతడు తిరిగి ఇచ్చేదాకా మరొకరికి అందదు. పైగా ఆ అనుమతులు శాశ్వతం కావు. కొన్ని రెండేళ్లకు తీరిపోతాయి. హార్పర్‌కాలిన్స్ అనే ప్రచురణ సంస్థ 2011లో, ఒక ఈ-పుస్తకాన్ని 26 సార్లు అరువు ఇచ్చాక గ్రంథాలయం దానిని మళ్లీ కొనుక్కోవాలని నిబంధన పెట్టడంతో అక్కడి గ్రంథపాలకులు తీవ్రంగా నిరసించారు. అంటే పాఠకుడికి ఉచితంగా అందే ప్రతి పుస్తకం వెనుకా గ్రంథాలయం చెల్లించే ధర ఒకటి ఉంటుంది.

మన శాఖా గ్రంథాలయాల కార్డు ఈ పనికి ఉపకరించదు. ఆ కార్డు చూపితే అల్మారాలోని పుస్తకం వస్తుంది, ఫోనులోకి మాత్రం రాదు. కొత్త తెలుగు నవలను గాని, శ్రవణ పుస్తకాన్ని గాని కొని పాఠకుల ఫోన్లకు అరువు ఇచ్చే ఏర్పాటు లేకపోవడమే ఇందుకు కారణం. కాబట్టి ఇక్కడి పాఠకుడు వేరే ద్వారాలు తట్టాల్సి వస్తోంది.

చట్టానిది పాత చరిత్ర

గ్రంథాలయాల విషయంలో తెలుగువారు వెనుకబడినవారేమీ కాదు. 1914లో బెజవాడలోని రామమోహన గ్రంథాలయంలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి అంకురార్పణ చేశారు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయాన్ని నడిపించారు. పల్లెవాసి పుస్తకం కోసం పట్నం వెళ్లనక్కరలేదు, పుస్తకమే అతడి రేవుకు వస్తుందన్నది ఆ పడవ వెనుకనున్న ఆలోచన. నేటి యాప్‌ల ఆలోచన కూడా సరిగ్గా అదే. కాలువలు లేని మన మెట్ట ప్రాంతానికి పడవ రాలేదు, ఫోను వచ్చింది.

మద్రాసు రాష్ట్రంలో 1948లో పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. అప్పటికి చిత్తూరు జిల్లా ఆ రాష్ట్రంలో భాగమే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1960లో వచ్చిన చట్టం కింద జిల్లా గ్రంథాలయ సంస్థలు పనిచేస్తున్నాయి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతోంది. పంచాయతీలు, మున్సిపాలిటీలు దీనిని వసూలు చేసి గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. గ్రంథాలయం గడప తొక్కనివారు కూడా ఈ సెస్సు చెల్లిస్తూనే ఉన్నారు.

కాటూరు నుంచి కార్నెగీ దాకా

ఫోనులో దొరికే పాత తెలుగు పుస్తకాల వెనుక మన జిల్లావాసి కృషి ఉంది. నాటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామంలో 1937లో జన్మించిన రాజ్‌రెడ్డి అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 1994లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని అందుకున్నారు. పది లక్షల పుస్తకాలను ప్రతిబింబాలుగా మార్చి ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ఉంచాలన్న పథకానికి ఆయన సారథ్యం వహించారు. దానికి భారతీయ శాఖగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా రూపుదిద్దుకుంది. బెంగళూరులోని ఐఐఎస్‌సీ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ అందులో ప్రధాన పాత్ర పోషించాయి. గ్రంథాలయాల అటకల మీద చెదలు పట్టిపోనున్న వేలాది తెలుగు గ్రంథాలకు ఆ విధంగా ప్రాణం నిలిచింది. ఆ వెబ్‌సైటు తర్వాతి కాలంలో మూతపడినా అందులోని పుస్తకాల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభ్యమవుతున్నాయి. పుస్తకం పేరును ఆంగ్ల అక్షరాల్లో రకరకాల వర్ణక్రమాలతో వెతకాల్సి రావడం ఒక్కటే చిక్కు. ఒకే పుస్తకానికి నాలుగు రకాల పేర్లు నమోదై ఉంటాయి. మొదటిసారి కనిపించలేదని వదిలేయకూడదు.

ప్రస్తుతం కేంద్ర ప్రభుత్వ పక్షాన ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్వహిస్తున్నది నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. 2018 జూన్ 19న దీనిని జాతికి అంకితం చేశారు. కేరళ గ్రంథాలయోద్యమ నాయకుడు పి.ఎన్.పణిక్కర్ వర్ధంతి కావడంతో ఆ రోజును జాతీయ పఠన దినంగా పాటిస్తున్నారు. యాప్ ఉచితం. పాఠ్య గ్రంథాలు, పరిశోధన పత్రాలు, పాత ప్రశ్నపత్రాలు, ఉపన్యాసాల వీడియోలు ఇందులో వెతకవచ్చు. అయితే ఇది పుస్తకాల గిడ్డంగి అనడం కంటే పుస్తకాల చిరునామాల పుస్తకం అనడం సబబు. వెతికితే దొరికిన పుస్తకం చాలా సందర్భాల్లో వేరొక సంస్థ వెబ్‌సైటులో తెరుచుకుంటుంది. ఆ సంస్థ దానిని తన సభ్యులకే పరిమితం చేసి ఉంటే బయటివారికి తలుపు తెరుచుకోదు. పోటీ పరీక్షల అభ్యర్థులు ఇక్కడే నిరాశ చెందుతున్నారు.

కుప్పంలో 1997లో ఏర్పాటైన ద్రావిడ విశ్వవిద్యాలయం వంటి ఉన్నత విద్యా సంస్థల్లో చదివేవారికి సంస్థ తరఫున వేరే సదుపాయాలు ఉంటాయి. డిగ్రీ కళాశాలల కోసం ఎన్-లిస్ట్ అనే పథకం ఉంది. కళాశాల అందులో చేరి ఉంటే గ్రంథపాలకుడు విద్యార్థికి యూజర్ ఐడీ ఇప్పించగలరు. అడిగితేనే ఇది సాధ్యపడుతుంది.

ఏ రచయిత ఎప్పుడు ఉచితం?

కందుకూరి వీరేశలింగం, గురజాడ దొరుకుతారు, శ్రీశ్రీ ఎందుకు దొరకరు అని పాఠకులు అడుగుతుంటారు. సమాధానం కాపీరైటు చట్టంలో ఉంది. మన దేశంలో రచయిత మరణించిన సంవత్సరం ముగిసిన నాటి నుంచి 60 ఏళ్లపాటు హక్కులు వారసులకు ఉంటాయి. అటు తర్వాత ఆ రచన ప్రజలందరిదీ. 1915లో కన్నుమూసిన గురజాడ, 1919లో కన్నుమూసిన కందుకూరి, 1946లో కన్నుమూసిన చిలకమర్తి లక్ష్మీనరసింహం రచనలను ఎవరైనా చదవవచ్చు, అచ్చు వేయవచ్చు, చదివి రికార్డు చేయవచ్చు. విశ్వనాథ సత్యనారాయణ 1976లో మరణించారు గనుక 2036 చివరి వరకు, చలం 1979లో మరణించారు గనుక 2039 చివరి వరకు, శ్రీశ్రీ 1983లో మరణించారు గనుక 2043 చివరి వరకు ఆగాలి. మన జిల్లా పల్లెల బతుకును కథలకెక్కించిన మధురాంతకం రాజారాం 1999లో దివంగతులయ్యారు. ఆయన కథలు 2059 ముగిసేదాకా హక్కులు ఉన్నవే.

ఈ గడువు మొదట 50 ఏళ్లే. 1941లో మరణించిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనలపై హక్కులు తీరిపోయే తరుణంలో దానిని మరో పదేళ్లు పొడిగించారు. 1919లో మదనపల్లెలో బస చేసి జనగణమనను ఆంగ్లంలోకి అనువదించినది ఆ ఠాగూరే. ఆయన రచనలు 2001తో హక్కుల చెర వీడాయి. అయితే మూలం ఉచితమైనంత మాత్రాన అనువాదం ఉచితం కాదు. అనువాదకుడి హక్కు వేరు. అలాగే పాత నవలను ఎవరైనా చదివి రికార్డు చేస్తే ఆ రికార్డుకు ప్రత్యేకమైన హక్కు ఉంటుంది.

హక్కులు తీరిన రచనలను శుభ్రంగా టైపు చేసి ఉంచిన చోటు తెలుగు వికీసోర్స్. 2005లో ఆరంభమైన ఇందులో పనిచేసేవారంతా జీతం లేని స్వచ్ఛంద సేవకులే. సభ్యత్వం అక్కరలేదు. కావలసిన పుస్తకాన్ని ఈ-పబ్ రూపంలో దింపుకొంటే ఫోనులో అక్షరాలను పెద్దవి చేసుకుని చదవవచ్చు. తిరుమల తిరుపతి దేవస్థానం కూడా తన ప్రచురణలను ప్రత్యేక వెబ్‌సైటులో ఉచితంగా ఉంచింది.

చూపు లేనివారికి చట్టం ఇచ్చిన హక్కు

ఈ విషయంలో అసలు చెప్పుకోవలసినది ఇదే. చూపు లేనివారికి, చూపు బాగా మందగించినవారికి, చేతులు పనిచేయక పుస్తకం పట్టుకోలేనివారికి, అక్షరాలను గుర్తించడంలో వైకల్యం ఉన్నవారికి పైన చెప్పిన 60 ఏళ్ల అడ్డంకి వర్తించదు. 2012లో సవరించిన కాపీరైటు చట్టం, లాభాపేక్ష లేకుండా ఇటువంటివారి కోసం ఏ పుస్తకాన్నైనా వారు చదువుకోగల రూపంలోకి మార్చడానికి అనుమతించింది. ప్రచురణకర్త వద్దకు వెళ్లి అడగనక్కరలేదు. ఇదే ఉద్దేశంతో కుదిరిన మరాకేష్ అంతర్జాతీయ ఒప్పందాన్ని 2014లో ప్రపంచ దేశాలన్నింటికంటే ముందు ఆమోదించినది భారతదేశమే. ఆ ఒప్పందం 2016 సెప్టెంబరు 30 నుంచి అమల్లోకి వచ్చింది.

దీని భావం పల్లెలోని కుటుంబానికి చాలా సూటిగా అర్థం కావాలి. చూపు లేని డిగ్రీ విద్యార్థికి పాఠ్యపుస్తకం కావాలంటే ఇంట్లోని అక్క గాని, పక్కింటి చదువుకున్నవారు గాని, ఉపాధ్యాయుడు గాని ఆ పుస్తకాన్ని బిగ్గరగా చదివి ఫోనులో రికార్డు చేసి ఇవ్వవచ్చు. అదే అవసరం ఉన్న మరో విద్యార్థికీ పంపవచ్చు. అది నేరం కాదు, చట్టం ఒప్పిన పని. దానిని అమ్ముకోకూడదు, చూపు ఉన్నవారికి పంచకూడదు. అంతే నిబంధన.

ఈ హక్కు ఆధారంగా వెలసినదే 'సుగమ్య పుస్తకాలయ'. కేంద్ర దివ్యాంగుల సాధికారత విభాగం, డైసీ ఫోరం ఆఫ్ ఇండియా తదితర సంస్థల చేయూతతో 2016 ఆగస్టు 24న ఈ ఆన్‌లైన్ గ్రంథాలయం ప్రారంభమైంది. వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుని, సభ్య సంస్థల్లో ఒకదాన్ని ఎంచుకుని, వైకల్య ధ్రువపత్రం జతచేయాలి. సదరం శిబిరంలో పొందిన ధ్రువపత్రం గాని, యూడీఐడీ కార్డు గాని సిద్ధంగా ఉంచుకుంటే పని త్వరగా జరుగుతుంది. ఆమోదం వచ్చాక పుస్తకాలను ఈ-పబ్, డైసీ, బ్రెయిలీ రూపాల్లో దింపుకోవచ్చు. ఈజీ రీడర్ వంటి యాప్‌లో తెరిస్తే ఫోను చదివి వినిపిస్తుంది. సదరం ధ్రువపత్రం అంటే పింఛనుకేనని చాలా కుటుంబాలు భావిస్తున్నాయి. పెట్టెలో భద్రపరచిన అదే కాగితం గ్రంథాలయానికి కూడా తాళం చెవి.

అయితే తెలుగుకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. స్కాన్ చేసిన పాత పుస్తకం కంప్యూటర్ దృష్టిలో అక్షరాలు కాదు, బొమ్మ. ఫోను దానిని చదవలేదు. అందుకే వేలాది పాత పుస్తకాలు నెట్‌లో ఉన్నా చూపు లేనివారికి లేనట్టే. కొత్త పుస్తకాల పీడీఎఫ్‌లైనా మెరుగా అంటే అదీ లేదు. తెలుగు ముద్రణాలయాల్లో దీర్ఘకాలంగా వాడుకలో ఉన్న అను ఫాంట్లు యూనికోడ్‌లో లేవు. కంటికి తెలుగే కనిపిస్తుంది, ఫోను మాత్రం అర్థంలేని శబ్దాలు పలుకుతుంది. యూనికోడ్‌లో ఉన్న వికీసోర్స్ పుస్తకాన్ని అయితే ఆండ్రాయిడ్ ఫోనులోని 'టాక్‌బ్యాక్' సదుపాయం తెలుగులోనే వినిపిస్తుంది. ఫోను సెట్టింగుల్లో 'యాక్సెసిబిలిటీ' విభాగంలో ఇది ఉంటుంది. మాట యంత్రంలాగే ఉంటుంది, భావం చెడదు.

ఈ సందర్భంలో చిలకమర్తిని తలచుకోవడం అసందర్భం కాబోదు. చిన్ననాటి నుంచే చూపు సరిగా లేక, తర్వాత అంధుడై, రచనలు ఇతరుల చేత రాయించిన ఆయనను ఆంధ్రా మిల్టన్ అని పిలుచుకున్నారు. ఆయన 'గణపతి' నవలను నేడు చూపు లేని పాఠకుడు ఎవరి సాయమూ లేకుండా వినగలడు.

పిల్లలకు కొదవ లేదు

పెద్దల కంటే పిల్లల పరిస్థితి మెరుగు. బాలలు, కౌమారప్రాయుల కోసం జాతీయ డిజిటల్ గ్రంథాలయం నెలకొల్పుతామని కేంద్రం 2023 ఫిబ్రవరి 1న బడ్జెట్‌లో ప్రకటించింది. అదే నేషనల్ బుక్ ట్రస్టు ద్వారా రాష్ట్రీయ ఈ-పుస్తకాలయ యాప్‌గా వచ్చింది. 3-8, 8-11, 11-14, 14-18 ఏళ్ల వారికి వేర్వేరుగా పుస్తకాలను అమర్చారు. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ఆరంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు విరివిగా లభిస్తాయి. వీటిని దింపుకోవచ్చు, అచ్చు తీసి తరగతి గదిలో వాడుకోవచ్చు. కొన్ని కథలను వింటూ చదివే వీలుంది. తెలుగు, కన్నడం, తమిళం మూడూ వినిపించే సరిహద్దు మండలాల పాఠశాలలకు ఒకే కథ మూడు భాషల్లోనూ దొరకడం అదనపు లాభం. పాఠ్యపుస్తకాల్లో ముద్రించిన క్యూఆర్ గుర్తును దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన సామగ్రి తెరుచుకుంటుంది.

వినేవారికి ఏముంది?

మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గం మీద ఉన్నవారికి చేతులు, కళ్లు ఖాళీ ఉండవు, చెవులు మాత్రం ఖాళీయే. శ్రవణ పుస్తకం వారి కోసమే పుట్టిందా అనిపిస్తుంది. అయితే తెలుగులో మంచి శ్రవణ పుస్తకాలు ఎక్కువ భాగం దాసుభాషితం, స్టోరీటెల్ వంటి యాప్‌లలో చందాదారులకే లభిస్తున్నాయి. కంఠానికి, రికార్డింగుకు ఖర్చు అవుతుంది గనుక వారిని తప్పుపట్టలేం. ఉచితంగా కావాలంటే ప్రవాసాంధ్రులు 1998 నుంచి నడుపుతున్న ఈమాట వెబ్ పత్రికలోని ధ్వని విభాగం వినదగినది. పాత రేడియో నాటికలు, ప్రసంగాలు అక్కడ ఉన్నాయి. కాలిఫోర్నియా నుంచి 2007లో వెలువడడం మొదలైన కౌముది కూడా ఉచిత పత్రికే. ఆంగ్లం వచ్చినవారికి 2005లో ఆరంభమైన లిబ్రివాక్స్ పెద్ద నిధి. హక్కులు తీరిన పుస్తకాలను స్వచ్ఛంద సేవకులు చదివి అక్కడ ఉంచుతారు. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి ప్రసంగాల రికార్డులను ఆయన పేరిట ఉన్న ఫౌండేషన్లు ఉచితంగా వినిపిస్తున్నాయి.

సిగ్నల్, నిల్వ, జాగ్రత్తలు

ఒక గంట శ్రవణ పుస్తకం సాధారణ నాణ్యతలో సుమారు 29 ఎంబీ ఉంటుంది. పది గంటల నవలకు 290 ఎంబీ దాకా కావాలి. స్కాన్ చేసిన పుస్తకం పదుల ఎంబీలు తింటుంది. ఈ-పబ్ పుస్తకం బొమ్మలు లేకపోతే తరచూ ఒకటి రెండు ఎంబీలకు మించదు. కౌండిన్య అడవి అంచున ఉన్న పల్లెలవారు పట్టణానికి వచ్చినప్పుడే దింపుకుని ఉంచుకుంటే ఇంటి వద్ద సిగ్నల్ లేకపోయినా చదువు ఆగదు.

'ఉచిత పుస్తకాలు' అంటూ వాట్సాప్‌లో వచ్చే లింకులను నమ్మరాదు. అసలైన గ్రంథాలయ యాప్ ఏదీ కాంటాక్టులు, ఎస్సెమ్మెస్‌లు చూపమని కోరదు, ఓటీపీ చెప్పమనదు, బ్యాంకు ఖాతా అడగదు. అలా అడిగితే వెంటనే తీసివేయాలి. ఏపీకే ఫైలుగా వచ్చినదాన్ని ఫోనులో పెట్టకూడదు. ప్లే స్టోర్‌లో సైతం తయారుచేసిన సంస్థ పేరు చూసుకున్నాకే దింపుకోవాలి. బతికి ఉన్న రచయితల నవలలు పీడీఎఫ్‌లుగా గ్రూపుల్లో తిరుగుతుంటాయి. అవి దొంగ ప్రతులు. తెలుగు పుస్తకం వెయ్యి ప్రతులు అమ్ముడుపోవడమే గగనమైన రోజుల్లో వాటిని పంచడం రచయిత కంచంలో చేయి పెట్టడమే.

స్మార్ట్‌ఫోన్ వాడకం తెలియని వృద్ధులకు, సదరం ధ్రువపత్రం ఉన్నా ఈ-మెయిల్ చిరునామా లేనివారికి సుగమ్య పుస్తకాలయలో నమోదు చేసే పనిని ఇంట్లోని విద్యార్థులే చేయగలరు. ఫోను నంబరు, ఈ-మెయిల్, ధ్రువపత్రం ఫొటో దగ్గర ఉంచుకుని కూర్చుంటే చాలు. కొత్త పుస్తకాలను ఫోన్లకు అరువు ఇచ్చే ఏర్పాటు కావాలనుకునే పాఠకులు తమ అభ్యర్థనను లిఖితపూర్వకంగా శాఖా గ్రంథపాలకుడి ద్వారా జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి పంపవచ్చు. ఇంటి పన్ను రసీదు నకలును దానికి జతచేస్తే, సెస్సు చెల్లించినట్టు ఆధారం కూడా ఉంటుంది.